వెనకబడ్డ గేమ్ కన్సోల్ ముందున్నవాటిని దాటగలదా? అనంతపురంలో తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీకి తగిలించి గేమ్స్ ఆడే మెషినే కన్సోల్. సోనీ ప్లేస్టేషన్ కొనాలా, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కొనాలా అని అడిగే కుర్రాళ్లు మా అనంతపురంలో తరచూ తగులుతుంటారు. వాళ్ల వెనకే "అన్ని వేలు పోసి కొన్నాక ఆ కంపెనీ చేతులెత్తేస్తే మా గతేంది సార్" అని అడిగే నాన్నలూ ఉంటారు. ఇద్దరూ అడిగేది ఒకే విషయం: ఈరోజు వెనకబడి ఉన్న మెషిన్ రేపు లేస్తుందా, లేవదా? విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

సూటిగా చెప్పన్నా, వెనకబడ్డ కన్సోల్ ముందుకు రాగలదా?

రాగలదు. వచ్చిన దాఖలా ఉంది. కానీ దానికో అదను ఉంటుంది. కన్సోల్ విడుదలైన మొదటి రెండేళ్లలో కొనేది గేమ్స్ అంటే పడిచచ్చేవాళ్లు. ధర ఎంతైనా వాళ్లు కొంటారు. అసలు జనం వచ్చేది ఆ తర్వాత. ధర దిగాలి, మంచి గేమ్స్ పోగవ్వాలి, స్నేహితుడి ఇంట్లో ఒకసారి ఆడి చూడాలి, అప్పుడు కొంటారు. ఆ జనం దుకాణానికి వచ్చే వేళకు తన లోపాలు సరిదిద్దుకుని సిద్ధంగా ఉన్న కంపెనీ లేస్తుంది. అదను దాటిపోయాక ఎంత మంచి మెషిన్ పెట్టినా అదే తరంలో (దాదాపు ఒకే కాలంలో పోటీపడే మెషిన్లది ఒక తరం) లేవడం కష్టం. తర్వాతి తరంలో కొత్త మెషిన్‌తో మొదటికి రావడం మాత్రం ఒకటికి రెండుసార్లు జరిగింది.

ఎవరు ముందున్నారో ఎలా తెలుస్తుంది? ఆ లెక్కలు నమ్మొచ్చా?

సోనీ, మరో జపాన్ కన్సోల్ కంపెనీ నింటెండో తమ ఆర్థిక ఫలితాలతో పాటు కన్సోల్ అమ్మకాలు కూడా ప్రకటిస్తాయి. అవి చాలావరకు కంపెనీ నుంచి దుకాణాలకు వెళ్లిన సరుకు లెక్కలు. మైక్రోసాఫ్ట్ 2015లో ఎక్స్‌బాక్స్ అమ్మకాల సంఖ్య చెప్పడం మానేసింది. కాబట్టి ఆ తర్వాత ఎక్స్‌బాక్స్ గురించి మీరు చదివే సంఖ్యలన్నీ బయటివాళ్ల అంచనాలే.

ఇంకో సంగతి. ప్రపంచం మొత్తం లెక్క వేరు, ఒక్కో దేశం లెక్క వేరు. ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో రాజ్యమేలింది. అదే మెషిన్ జపాన్‌లో దాదాపు 16 లక్షల దగ్గర ఆగిపోయింది, దానికి పోటీ అయిన పీఎస్3 (ప్లేస్టేషన్ 3) అక్కడ కోటి దాకా అమ్ముడుపోయింది. "ఎక్స్‌బాక్స్ గెలిచింది" అని ఎవరైనా అంటే, ఎక్కడ అని అడగండి.

పీఎస్3 మొదట్లో దెబ్బతిని తర్వాత లేచిందంటారు, నిజమేనా?

నిజమే. ఈ విషయం మీద ఇంత బాగా చదువుకోదగ్గ ఉదాహరణ మరొకటి లేదు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

పీఎస్3 2006 నవంబరులో జపాన్, అమెరికాల్లో విడుదలైంది. అమెరికాలో ధర 499, 599 డాలర్లు. అప్పటికి ఎక్స్‌బాక్స్ 360 వచ్చి ఏడాది అయింది, దాని ధర 299, 399 డాలర్ల దగ్గర మొదలైంది. ఏడాది ఆలస్యం, పైగా రెండొందల డాలర్లు ఎక్కువ. మన దేశానికి 2007 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు పీఎస్3 ధర 39,990 రూపాయలు. అప్పట్లో ఆ డబ్బుకు మా ఊళ్లో మంచి సెకండ్ హ్యాండ్ బండి వచ్చేది.

ఎందుకంత ఖరీదు? లోపల రెండు కొత్త వస్తువులు పెట్టారు. ఒకటి సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి తయారుచేసిన సెల్ ప్రాసెసర్. రెండోది బ్లూరే డ్రైవ్, అంటే హెచ్‌డీ సినిమాల డిస్కులు ఆడించేది. ఐసప్లై అనే పరిశోధన సంస్థ ఒక పీఎస్3ని విప్పి లెక్కగడితే, 20 జీబీ మోడల్ తయారీకే 800 డాలర్ల పైన అవుతోందని తేలింది. అమ్మేదేమో 499కి. అమ్మిన ప్రతి మెషిన్ మీదా నష్టమే. 2006-07 ఆర్థిక సంవత్సరంలో సోనీ గేమ్స్ విభాగం నష్టం 23 వేల కోట్ల యెన్లు దాటింది. దానికి తోడు సెల్ ప్రాసెసర్‌కు ప్రోగ్రాం రాయడం గేమ్ కంపెనీలకు పెద్ద తలనొప్పి అయింది. ఒకే గేమ్ రెండింటి మీదా వస్తే ఎక్స్‌బాక్స్ మీదే సాఫీగా ఆడేది.

ఇంత లోతులో పడ్డది ఎలా లేచింది? మొదట బ్లూరే కలిసొచ్చింది. దానికి పోటీగా ఉన్న హెచ్‌డీ డీవీడీని తోషిబా 2008 ఫిబ్రవరిలో వదిలేసింది. దాంతో పీఎస్3 కొన్నవాడికి సినిమా ప్లేయర్ కూడా ఇంట్లోకి వచ్చినట్టయింది. తర్వాత 2009 సెప్టెంబరులో పీఎస్3 స్లిమ్. చిప్ సైజు తగ్గింది, కరెంటు ఖర్చు తగ్గింది, ధర 299 డాలర్లకు దిగింది. నా మటుకు నాకు కథ మొత్తం తిరిగిన మలుపు అదే. 599కి వద్దన్న జనమే 299కి క్యూ కట్టారు. సరిగ్గా ఆ సమయానికి సోనీ సొంత స్టూడియోలు సెల్ ప్రాసెసర్ గుట్టు పట్టాయి. 2009లో అన్‌చార్టెడ్ 2, 2010లో గాడ్ ఆఫ్ వార్ 3, 2013లో ది లాస్ట్ ఆఫ్ అస్ వచ్చాయి. ఆన్‌లైన్ ఆటకు పీఎస్3లో డబ్బు కట్టనక్కర్లేదు, ఎక్స్‌బాక్స్‌లో కట్టాలి. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిశాయి.

మధ్యలో 2011 ఏప్రిల్‌లో పెద్ద దెబ్బే తగిలింది. ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడ్డాయి, సర్వీసు మూడు వారాలకు పైగా మూతపడింది. అయినా నిలబడింది.

చివరికి పీఎస్3 అమ్మకాలు 8.74 కోట్లు. ఎక్స్‌బాక్స్ 360 గురించి మైక్రోసాఫ్ట్ ఆఖరుగా 2014లో చెప్పిన సంఖ్య 8.4 కోట్లు. తేడా వెంట్రుకవాసి. కానీ ఏడాది ఆలస్యంగా వచ్చి, రెండొందల డాలర్ల బరువు మోసుకుంటూ పరిగెత్తి ఆ గీత అందుకుందంటే చిన్న విషయం కాదు.

ఎక్స్‌బాక్స్ 360 పాడైపోయేది కదా, అందుకే పీఎస్3 గెలిచిందా?

సగం మాట నిజం. ఎక్స్‌బాక్స్ 360 ముందు భాగంలో పవర్ బటన్ చుట్టూ నాలుగు ముక్కల లైటు ఉంటుంది. బాగుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. మూడు ముక్కలు ఎర్రగా మెరిశాయంటే మెషిన్ పోయినట్టే. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగి చిప్ దగ్గరి సన్నటి అతుకులు పగిలిపోయేవి. మెషిన్‌కు టవల్ చుట్టి ఇంకా వేడెక్కిస్తే కాసేపు పనిచేస్తుందని ఒక చిట్కా ప్రపంచమంతా పాకింది. అది రోగం ముదరబెట్టే వైద్యం, ఎవరూ చేయకండి.

అయితే 2007 జులైలో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకుని, ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచింది. అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. ఆ పని చేయకపోయి ఉంటే ఎక్స్‌బాక్స్ అనే పేరు అప్పుడే ముగిసిపోయేదని నా నమ్మకం. అంత రిపేర్ల గొడవలోనూ అమెరికాలో దాని ఆధిక్యం పోలేదు. కాబట్టి ఎదుటివాడి తప్పు వెనకున్నవాడికి సందు ఇస్తుంది, అంతవరకే. ఆ సందులోంచి దూరి రావడానికి తన దగ్గర సరుకుండాలి.

అయితే ఆ తరంలో మొదటి స్థానం పీఎస్3దేనా?

కాదు. వీళ్లిద్దరూ కొట్టుకుంటుండగా నింటెండో వాళ్ల వీ అనే మెషిన్ 10.16 కోట్లు అమ్ముడుపోయి మొదట నిలిచింది.

ధర తగ్గిస్తే చాలు కదా, ఏ కన్సోల్ అయినా లేస్తుంది?

లేవదు. రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి.

చేత్తో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ 2011 ఫిబ్రవరిలో జపాన్‌లో 25,000 యెన్లకు వచ్చింది. అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. ఆరు నెలలు తిరక్కుండానే ధర 15,000 యెన్లకు కోసేశారు, అమెరికాలో 250 డాలర్లది 170కి దింపారు. ముందే ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు నొచ్చుకోకుండా వాళ్లకు 20 పాత గేమ్స్ ఉచితంగా ఇచ్చారు. కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతంలో సగం కోసుకున్నారు. ఈ వ్యాపారంలో నాకు బాగా గౌరవం కలిగించిన పని అది. కానీ ధర ఒక్కటే కాదు, ఆ ఏడాది చివర్లోనే సూపర్ మారియో 3డీ ల్యాండ్, మారియో కార్ట్ 7 దించారు. చివరికి 7.5 కోట్లకు పైగా అమ్మారు.

ఇక సెగా అనే జపాన్ కంపెనీ తెచ్చిన డ్రీమ్‌కాస్ట్. 1998 నవంబరులో జపాన్‌లో, 1999 సెప్టెంబరు 9న అమెరికాలో 199 డాలర్లకు వచ్చింది. ఇంటర్నెట్ కోసం లోపలే మోడెం ఉంది. ఆ రోజుల్లో అది ఊహకందని సౌకర్యం. గేమ్స్ కూడా గొప్పవి. అయినా పీఎస్2 వస్తోందని తెలిసి జనం చేతులు కట్టుకు కూర్చున్నారు. పీఎస్2లో డీవీడీ సినిమాలు చూడొచ్చు, పాత ప్లేస్టేషన్ డిస్కులూ ఆడతాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద కంపెనీ డ్రీమ్‌కాస్ట్‌కు అసలు గేమ్స్ చేయనంది. సెగా ధరను 149కి, తర్వాత 99 డాలర్లకు దించింది. 2001 మార్చితో తయారీ ఆగిపోయింది. మొత్తం అమ్మకాలు 91 లక్షలు. సెగా ఛైర్మన్ ఇసావో ఒకావా తన సొంత ఆస్తి కంపెనీకి ధారపోసి, అదే మార్చి నెలలో కన్నుమూశారు. అంత ప్రేమ కూడా ఆ మెషిన్‌ను నిలబెట్టలేకపోయింది.

తేడా ఎక్కడుంది? నింటెండో దగ్గర డబ్బుంది, వేరెవ్వరి దగ్గరా దొరకని సొంత గేమ్స్ ఉన్నాయి, దుకాణాలకు దాని మీద నమ్మకం ఉంది. సెగా ఈ మూడూ ముందు తరంలోనే పోగొట్టుకుంది. 1995 మేలో ఈ3 అనే గేమ్స్ ప్రదర్శన సందర్భంగా సెగా సాటర్న్ అనే మెషిన్‌ను చెప్పిన తేదీ కంటే నాలుగు నెలలు ముందు, ఉన్నట్టుండి 399 డాలర్లకు అమెరికా మార్కెట్‌లో దించారు. కొన్ని దుకాణాలకే సరుకిచ్చారు, మిగతావాళ్లకు కడుపు మండింది. అదే ప్రదర్శనలో సోనీ తరఫున మాట్లాడినాయన వేదికెక్కి, ప్లేస్టేషన్ ధర "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. డ్రీమ్‌కాస్ట్ ఓటమికి బీజం అక్కడే పడిందంటాను.

ధర తగ్గింపు ఆకలిగా ఉన్నవాడికి పనికొస్తుంది. అంటే కొనాలని ఉండి డబ్బు దగ్గర ఆగినవాడికి. కొనాలనే లేనివాడిని ధర కదిలించదు.

సెగా ఒకప్పుడు నింటెండోను ఓడించిందంటారే?

అమెరికాలో, కొన్నేళ్లపాటు. 1991లో సెగా తన జెనెసిస్ మెషిన్ ధర తగ్గించి, సోనిక్ గేమ్‌ను మెషిన్‌తో పాటే ఇచ్చింది. కొత్తగా వచ్చిన సూపర్ నింటెండోను ఆ పండగ సీజన్‌లో దాటింది. ప్రపంచం లెక్కలో చివరికి సూపర్ నింటెండోదే పైచేయి, 4.9 కోట్లు.

ఆఖరి స్థానం నుంచి ఏకంగా మొదటికి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నింటెండో, రెండుసార్లు. దాని గేమ్‌క్యూబ్ మెషిన్ 2.17 కోట్లతో ఆ తరంలో పీఎస్2, ఎక్స్‌బాక్స్‌ల వెనక మూడోది. తర్వాత వచ్చిన వీ మొదటిది. దాని తర్వాత వీ యూ 1.36 కోట్లతో ఘోరంగా పడింది. ఆ పడ్డ చోటు నుంచి 2017 మార్చి 3న స్విచ్ తెచ్చారు, అది 15 కోట్లు దాటింది. పీఎస్4 కంటే మూడేళ్లకు పైగా ఆలస్యంగా వచ్చి, దాని 11.7 కోట్లను వెనక్కి నెట్టింది.

రెండుసార్లూ నింటెండో ఒకే పని చేసింది. పక్కవాడి కంటే బలమైన మెషిన్ చేయాలనే పోటీలోంచి తప్పుకుంది. వీలో రిమోట్ ఊపితే బ్యాట్ ఊగుతుంది, అమ్మమ్మ కూడా ఆడగలదు. స్విచ్‌ను టీవీకి పెట్టుకోవచ్చు, చేత్తో పట్టుకుని బస్సులో ఆడుకోవచ్చు. పక్కవాడి దగ్గర ఉన్నదే ఇంకొంచెం బాగా ఇస్తానంటే జనం మారరు, పక్కవాడి దగ్గర లేనిది ఇస్తే రెండోది కూడా కొనుక్కుంటారు. స్విచ్ ఉన్న చాలా ఇళ్లలో ప్లేస్టేషన్ కూడా ఉంటుంది.

వీ యూ ఎందుకు పడిందంటే, అది కొత్త మెషిన్ అనే సంగతే చాలామందికి తెలియలేదు. వీకి కొత్త కంట్రోలర్ వచ్చిందేమో అనుకున్నారు.

ఇప్పుడున్న ఎక్స్‌బాక్స్, పీఎస్5ను దాటగలదా?

ఈ తరంలో దాటడం కుదరదు. ఇది నా గట్టి అభిప్రాయం, కారణాలు చెబుతాను.

మొదటిది, పోగైన గేమ్స్. 2013లో పీఎస్4 399 డాలర్లకు, ఎక్స్‌బాక్స్ వన్ 499కి వచ్చాయి. ఎక్స్‌బాక్స్‌తో కెమెరా అంటగట్టారు, టీవీ చూడటం గురించి ఎక్కువ మాట్లాడారు, గేమ్స్ గురించి తక్కువ. ఆ తరం చేజారింది. జనం డిస్కులు మానేసి డౌన్‌లోడ్ గేమ్స్ కొనడం మొదలుపెట్టింది కూడా సరిగ్గా ఆ తరంలోనే. డౌన్‌లోడ్ గేమ్ మీ ఖాతాకు అతుక్కుని ఉంటుంది, అమ్ముకోలేరు, పక్క కంపెనీ మెషిన్‌కు తీసుకుపోలేరు. పీఎస్4లో ముప్పై గేమ్స్ కొన్నవాడు పీఎస్5 కొంటే అవి దాదాపు అన్నీ అందులో ఆడతాయి. ఎక్స్‌బాక్స్ కొంటే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఓడిపోకూడని తరంలో ఓడిపోయామని ఎక్స్‌బాక్స్ అధిపతిగా ఉన్న ఫిల్ స్పెన్సర్ 2023లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు, ఈ కారణమే చెప్పారు.

పీఎస్3 రోజుల్లో ఈ సంకెళ్లు లేవు. అది లేవడానికి ఇదీ ఒక కారణం, ఎవరూ పెద్దగా చెప్పరు.

రెండోది, ధరలు. వెనకున్నవాడి పాత ఆయుధం ధర తగ్గించడం. ఈ తరంలో ధరలు పెరుగుతున్నాయి. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చి, 2022 నవంబరులో 54,990 అయింది. అమెరికాలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 499 డాలర్లతో మొదలై, 2025లో రెండుసార్లు పెరిగి 649కి చేరింది. చిప్‌లు ఏటేటా చవక అయ్యే కాలం పోయింది. 299 స్లిమ్‌లాంటి మలుపు ఇప్పుడు ఎక్కడి నుంచి రావాలి?

మూడోది, మైక్రోసాఫ్టే పరుగు మానేసింది. 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్ల లావాదేవీతో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేమ్ కంపెనీని కొన్నది. ఆ కంపెనీ గేమ్ కాల్ ఆఫ్ డ్యూటీ ఇక ఎక్స్‌బాక్స్‌కే పరిమితం అవుతుందని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. 2024 నుంచి ఎక్స్‌బాక్స్ సొంత గేమ్స్‌నే పక్క మెషిన్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. సీ ఆఫ్ థీవ్స్, ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ పీఎస్5లోకి వెళ్లాయి. ఎక్స్‌బాక్స్‌కు ముఖంలాంటి హేలో కూడా పీఎస్5కు వస్తుందని 2025లో ప్రకటించారు. పీఎస్5 కొన్నవాడికి ఎక్స్‌బాక్స్ గేమ్స్ కూడా దొరుకుతుంటే, ఎక్స్‌బాక్స్ కొనమని నేను ఎవరికైనా ఏ ముఖంతో చెప్పాలి?

మరి గేమ్ పాస్ ఉంది కదా?

మంచి పథకమే. 2017లో మొదలైంది, నెలకింత కట్టి వందల గేమ్స్ ఆడొచ్చు. చదువుకునే పిల్లలకు ఒక్కో గేమ్‌కు నాలుగైదు వేలు పెట్టడం కంటే ఇది మేలే. కానీ గేమ్ పాస్ కంప్యూటర్‌లోనూ వస్తుంది. దానికోసం కన్సోలే కొనాలని లేదు. కంపెనీకి అది లాభమేమో, కన్సోల్ అమ్మకాలకు మాత్రం కాదు.

మన ఊళ్లో ఏది గెలుస్తుందనేది ఎట్లా తేలుతుందన్నా?

అమెరికా లెక్కలతో తేలదు, అది మాత్రం ఖాయం. మా అనంతపురంలో, ఇటు కడప, కర్నూలులోనూ, కన్సోల్ అంటే చాలాకాలం పీఎస్2 ఒక్కటే. ప్రపంచం పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 గురించి కొట్టుకుంటున్న 2007, 2008ల్లో ఇక్కడ గేమ్ షాపుల్లో గంట లెక్కన ఆడింది పీఎస్2. రేకుల గది, రెండు మూడు పాత డబ్బా టీవీలు, ప్లాస్టిక్ కుర్చీలు. డిస్కు గీతలు పడి ఆగిపోతే షాపు అబ్బాయి దాన్ని తీసి, నోటితో ఊది, చొక్కా అంచుతో మధ్య నుంచి బయటికి తుడిచి మళ్లీ పెట్టేవాడు. మాలో కొందరు సొంత మెమరీ కార్డు జేబులో పెట్టుకుని పోయేవాళ్లు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, 8 ఎంబీ. ఎవడో మన జీటీఏ గేమ్ సేవ్ మీద తనది రాసేస్తాడని భయం. ఇంట్లో మెషిన్ లేకపోయినా ఆట మాత్రం మనది, ఆ కార్డులో ఉంది. ఇప్పుడు ఖాతా చేస్తున్న పని అప్పుడు ఆ కార్డు చేసింది. పీఎస్2 ఆడే షాపు వదిలి ఇంకో మెషిన్ ఉన్న షాపుకు పోవాలంటే ఆ కార్డు పనికిరాదు.

పీఎస్2 ఇక్కడ అంతగా పాకడానికి కారణాలు దాచనక్కర్లేదు. ధర పదివేల లోపుకు దిగింది. చిప్ వేయిస్తే కాపీ డిస్కులు ఆడేవి, అవి చవగ్గా దొరికేవి. అది చట్టానికి వ్యతిరేకం, గేమ్ తయారుచేసినవాడి కడుపు కొట్టడమే. కానీ ఏ మెషిన్ ఇక్కడ నిలిచిందో చెప్పేటప్పుడు ఆ మాట వదిలేస్తే అబద్ధమవుతుంది. క్రికెట్ కూడా ఉంది. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) వాళ్ల క్రికెట్ 07 పీఎస్2లోనూ, కంప్యూటర్లలోనూ వచ్చింది, పీఎస్3కి రాలేదు. మన పిల్లలకు క్రికెట్ లేని కొత్త మెషిన్ కంటే క్రికెట్ ఉన్న పాత మెషినే ఎక్కువ. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్‌ను సోనీ విడుదల చేసింది కూడా పీఎస్2కే. సోనీకే తెలుసు మన దేశంలో జనం ఎక్కడున్నారో. పీఎస్2 తయారీ 2013 మొదలయ్యే వేళకు గానీ ఆగలేదు, అప్పటికి 15 కోట్లు దాటింది.

ఈరోజు సంగతి. ఇక్కడ ఏ కన్సోల్ కొన్నా రిపేరుకో, డిస్కుకో, మంచి ధరకో చాలామంది బెంగళూరు పోతారు. రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడి నేషనల్ మార్కెట్‌లో ప్లేస్టేషన్ సామాను దండిగా దొరుకుతుంది, ఎక్స్‌బాక్స్‌ది వెతుక్కోవాలి. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. స్విచ్ దొరుకుతుంది గానీ బయటి దేశం సరుకు, వారంటీ ఇచ్చేది దుకాణదారుడి నోటి మాటే. ప్రపంచంలో 15 కోట్లు అమ్ముడుపోయిన మెషిన్ మా ఊరి సప్తగిరి సర్కిల్‌లో నిలబడి చూస్తే చిట్టచివరిది.

వెనకబడ్డ కన్సోల్ కొంటే డబ్బు దండగేనా సార్? మావాడు ఎక్స్‌బాక్సే కావాలంటున్నాడు.

దండగ కాదండీ. ఓడిపోయిన మెషిన్లలో గొప్ప గేమ్స్ వచ్చాయి. గేమ్‌క్యూబ్, డ్రీమ్‌కాస్ట్ ఉన్నవాళ్లు ఇప్పటికీ వాటిని అమ్మరు. చూడాల్సింది ఒకటే, కంపెనీ ఎన్నాళ్లు తోడుంటుంది అని. వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆపేశారు. ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ దుకాణం 2024 జులైలో మూసేశారు, అంటే మెషిన్ వచ్చిన 18 ఏళ్లకు. అది చాలా కాలమే. పాత ఎక్స్‌బాక్స్ గేమ్స్ కొత్త మెషిన్‌లో ఆడించే విషయంలో మైక్రోసాఫ్ట్ సోనీ కంటే శ్రద్ధగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మీ అబ్బాయి స్నేహితులు ఏది ఆడుతున్నారో మాత్రం ఒకసారి అడగండి. నలుగురి దగ్గర ప్లేస్టేషన్ ఉండి మీవాడి దగ్గర ఎక్స్‌బాక్స్ ఉంటే డిస్కులు మార్చుకోవడం కుదరదు, కొన్ని గేమ్స్‌లో కలిసి ఆడటమూ కుదరదు. పిల్లలకు అదే పెద్ద లోటు.

ఫోన్‌లో బీజీఎంఐ లాంటి కాల్పుల ఆట ఉండగా కన్సోల్ ఎవరు కొంటారన్నా?

మన దగ్గర ముందున్నది నిజానికి ఫోనే. జేఎన్‌టీయూ హాస్టల్లో ఎవరినడిగినా అదే చెబుతారు. కన్సోల్ కంపెనీలు ఒకదాన్నొకటి దాటడం కంటే ఫోన్ దగ్గరున్న కుర్రాణ్ని టీవీ ముందుకు తేవడం వాటికి కష్టమైన పని. ఒక ఐపీఎల్ మ్యాచ్‌లాంటి క్రికెట్ గేమ్‌ను పెద్ద టీవీలో నలుగురు కూర్చుని ఆడితే ఆ సరదా వేరు, అది ఫోన్‌లో రాదు. ఆ సరదా అమ్మగలిగితే కన్సోల్‌కు ఇక్కడ చోటుంది.

తర్వాతి తరం వచ్చేదాకా ఆగమంటావా?

ఇప్పుడు ఆడాలని ఉంటే ఆగకండి. మెషిన్ కొత్తగా వచ్చిన మొదటి ఏడాది ఎప్పుడూ ధర ఎక్కువ, గేమ్స్ తక్కువ. లోపాలు బయటపడేదీ అప్పుడే. ఎర్ర లైటు గొడవ పడ్డవాళ్లలో ఎక్కువమంది తొలి విడత మెషిన్లు కొన్నవాళ్లే. తరం నడుమ కొన్నవాడు సుఖపడతాడు.

మన ఎండకు, దుమ్ముకు ఏది తట్టుకుంటుంది?

ఏదైనా తట్టుకుంటుంది, చూసుకుంటే. ఏప్రిల్, మే నెలల్లో మాకు 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో ఎర్రదుమ్ము. టీవీ స్టాండ్ అరలో వెనక్కి తోసి పెట్టకండి, నాలుగు వైపులా జానెడు ఖాళీ ఉండాలి. పీఎస్5 పక్క ప్లేటు ఊడదీస్తే దుమ్ము చేరే రంధ్రాలు కనిపిస్తాయి. ప్లగ్గు తీసేసి, వాక్యూమ్‌తో అక్కడి దుమ్ము మెల్లగా లాగేయొచ్చు. తడిగుడ్డ వద్దు. గేమ్ సేవ్ అవుతుండగా కరెంటు పోతే సేవ్ పాడయ్యే ప్రమాదం ఉంది, చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో వెనకబడ్డ కన్సోల్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, వెనకబడ్డ మెషిన్‌కు సెకండ్ హ్యాండ్ ధర త్వరగా పడిపోతుంది కాబట్టి కొనేవాడికి లాభమే. డిస్కు డ్రైవ్ ఉన్నదే చూడండి. డ్రైవ్ లేని మోడల్‌కు పాత డిస్కులు పనికిరావు, కంపెనీ ఆన్‌లైన్ దుకాణం చెప్పిన ధరే దిక్కు. అమ్మేవాడి ఎదురుగానే అరగంట ఆడండి. ఫ్యాను రొద పెరుగుతోందా, కంట్రోలర్ స్టిక్ ముట్టకుండానే బొమ్మ పక్కకు జరుగుతోందా చూడండి. పాత ఖాతా తీసేయించి, మీ ఖాతాతో లోపలికి వెళ్లి, ఆన్‌లైన్‌లో ఒక మ్యాచ్ ఆడండి. కంపెనీ నిషేధించిన మెషిన్ అయితే అక్కడే బయటపడుతుంది. డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.